కాయితం విప్పని సైకిలు

మా వంశంలో బేరగాళ్ళకు కొదవ లేదు. మా తాత పోయే ముందురోజు కూడా వైద్యుడి మందుపొట్లం ధర తగ్గించాకే మింగాడని చెప్పుకుంటారు. అలాంటి ఇంట్లో పుట్టి, మీసం సరిగ్గా మొలవకముందే, ఒకే బేరంలో కొనేవాణ్ణీ వాడేవాణ్ణీ ఇద్దర్నీ ఒప్పించిన ఘనుణ్ణి నేను. కొత్త సైకిలుకి కంపెనీవాళ్ళు చుట్టిన కాయితం చిరగలేదు. రంగు మీద గోటి గీత పడలేదు. వెల్డింగు పెట్టలేదు, బోల్టు వెయ్యలేదు. మా కొట్లో రేకు డబ్బాలో పడివున్న హోసు క్లిప్పులతో, ఆ కాయితం మీదే, కాలు ఆనించుకునే మెట్టు ఒకటి బిగించేశాను. పంపుసెట్టు గొట్టాలు ఊడకుండా బిగిస్తారే, ఆ ఇనప పట్టీలు. అంత చవగ్గా అంత పెద్ద పని చేసినవాడు బరంపురం మొత్తానికి ఇంకొకడు లేడని నా నమ్మకం. ఆ మెట్టు మీద కాలు పెట్టినవాడు మా లోకనాథం చిన్నాన్న. ఆయనకి పుట్టిన రెండేళ్ళకే ఎడమకాలు చచ్చుబడింది. కుడికాలు సంగతి నేను చూసుకున్నాను.

మొన్న వానలు వెనకబట్టాక చిన్నాన్న పోయాడు. పదకొండో రోజు పనికి బరంపురంలో మా పాత పేట గోసాని నువాగాం వెళ్ళాను. కొట్టు ఇప్పుడు మా తమ్ముడి కొడుకు చేతిలో ఉంది. షట్టరు సగం దించి, లోపల బ్రాహ్మణ భోజనాలు నడుస్తూంటే, బయటినుంచి ఒకాయన వంగి తల లోపలికి పెట్టాడు. సైకిలు మీద ఐసు అమ్ముకునే మనిషి. ఎండకి పెట్టె మీద గొడుగు నిలబెట్టాలి, ఫ్రేముకి గొట్టం బిగించాలి, క్లిప్పులు కావాలన్నాడు. రేపు రమ్మని మావాడు అంటూండగానే నేను లేచాను. ఇంటికి వచ్చిన గిరాకీని చావింట్లో కూడా వెనక్కి పంపకూడదన్నది మా తాత చెప్పిన ఒకే ఒక వేదవాక్యం. క్లిప్పులు చేతిలో పెట్టి, అడక్కుండానే చెప్పడం మొదలెట్టాను. "ముందర ఫ్రేము గుడ్డతో తుడు. పాత ట్యూబు ముక్క కోసి, వట్టి గొట్టం మీద చుట్టు. కాయితం మీదా వద్దు, ప్లాస్టిక్ మీదా వద్దు. పైనొకటి కిందొకటి, రెండూ దూరంగా వెయ్యి. స్క్రూ ఉన్న వైపు తొడకి తగలకుండా పక్కకి తిప్పు. మిగిలిన పట్టీ కొస కత్తిరించి ఆకురాయితో అరగదియ్యి, లేకపోతే కాలు కోసేస్తది. రబ్బరు కొంచెం ఉబ్బేదాకా బిగించు, ఆపైన తిప్పకు, పళ్ళు చిరిగిపోతాయి. నాలుగు రోజులు తొక్కేక మళ్ళీ ఓసారి బిగించుకో." ఆయన నా పట్టుపంచె, భుజం మీద ఉత్తరీయం చూసి అనుమానంగా అడిగాడు. "తమరు మిస్త్రీయా, బావూ?" కాదన్నాను. అందులో ఒక్క మాట కూడా నాది కాదు. అన్నీ లోపల పిండాలు తింటున్న చిన్నాన్నవి.

మా చిన్నప్పుడు ఆ కొట్టూ ఇల్లూ వేరు కావు. ముందు గదిలో మేకులు, గొలుసులు, కొబ్బరితాళ్ళు, లాంతర్లు, పంపు సామాను. మధ్య గదిలో బస్తాలు, వాటి మీద మేము. వెనక వంటిల్లు. ఇనప తుప్పు, కిరసనాయిలు, కొత్త రబ్బరు వాసన కలిసి అన్నంలోకి కూడా వచ్చేది. పెరట్లో మా అమ్మ అప్పడాలు ఒత్తే రోజుల్లో మాత్రం ఇంగువ గెలిచేది. ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. బాగున్న సరుకు ఇంట్లో వాడకూడదు. అది అమ్ముడుపోవాల్సిన సరుకు. ఇంట్లోవాళ్ళకి వాపసు వచ్చినవి. మా బకెట్టుకి అడుగున లక్క, మా లాంతరు గ్లాసుకి పగులు, మా పెరటి తాళానికి తాళంచెవి లేదు. మేకుతో తీసేవాళ్ళం. దొంగ కూడా మేకుతోనే తీస్తాడు కదా అని ఒకసారి అడిగితే, "దొంగకి మన ఇంట్లో ఏటుందిరా, అంతా వాపసు సరుకే" అని నవ్వింది మామ్మ, అంటే నాన్నవాళ్ళమ్మ. ఒకవేళ కొత్త వస్తువు ఏదైనా తప్పక ఇంట్లోకి వస్తే దాని అట్టపెట్టె, కాయితం, సంచి విప్పకుండా వాడేవాళ్ళం. గోడగడియారం మా ఇంట్లో ఏళ్ళ తరబడి ప్లాస్టిక్ సంచీలో టిక్కుటిక్కుమంది. ఎప్పుడు ఎవడు వచ్చి మంచి ధర ఇస్తానంటాడో ఎవరికి తెలుసు?

వాపసు సరుకుల్లో లోకనాథం చిన్నాన్న ఒకడు. ఈ మాట నాది కాదు, ఆయనదే. గల్లాపెట్టె పక్కన చిన్న బల్ల వేసుకుని కొట్టు లెక్కలన్నీ రాసేవాడు. తెలుగులో కూడి ఒడియాలో తీసేసి హిందీలో తిట్టేవాడు. ఆయన కూడికలో తప్పు దొరికితే సోడా కొనిస్తానని నాన్న ఎన్నోసార్లు పందెం కాశాడు, ఎప్పుడూ కొనాల్సిన అవసరం రాలేదు. జీతం లేదు. "ఇంటి మనిసికి జీతమేటి? తింటన్నాడు కదా" అనేవాడు నాన్న. ఇంట్లో టీ కాచినప్పుడు వరస ఉండేది. మొదటి గ్లాసు గల్లాపెట్టె దగ్గర కూర్చున్న నాన్నకి. తర్వాత మామ్మకి, తర్వాత మగపిల్లలకి, కొట్లో మూటలు మోసే కూలివాడికి. చిట్టచివరి గ్లాసు, గిన్నె అడుగున పొడి పేరుకున్నది, చిన్నాన్నకి. ఆయన దాన్ని వెలుతురుకి పట్టి చూసేవాడు. "వొదినా, ఈ టీ తాగాలా, నమలాలా?" అనేవాడు. అమ్మ ముఖం తిప్పుకునేది. మామ్మ అందుకునేది. "నీ కాలు సన్నమైనా నోరు మాత్రం బలిసిందిరా, లోకూ." "కాలికి పెట్టాల్సిన తిండి నోటికి పెట్టీసేవమ్మా, నానేటి సెయ్యను." అందరం నవ్వేవాళ్ళం. నేను అందరికన్నా గట్టిగా నవ్వేవాణ్ణి. నాకు మూడో గ్లాసు వచ్చేది మరి.

అలాంటి చిన్నాన్నకి పెద్దబజారులో కొలువు దొరికింది. పట్టుచీరల వ్యాపారి ఒకాయన మా కొట్టుకి ఏదో కొనడానికి వచ్చి, బిల్లు కూడే వేగం చూసి, నాన్న లోపలికి వెళ్ళినప్పుడు నెమ్మదిగా అడిగాడట. లెక్కలు రాయడానికి మనిషి కావాలి, నెల నెలా జీతం, ముందు ఒక నెల చూస్తాను. షరతు ఒక్కటే. పొద్దున్న కొట్టు తెరిచే వేళకి వచ్చి ఉండాలి, ఎలా వస్తావో నాకు చెప్పకు. చిన్నాన్న నడక మాకు తెలుసు. ఎడమ మోకాలి మీద చెయ్యి వేసి నొక్కుకుంటూ వీధి చివరికి వెళ్ళి వచ్చేసరికి చొక్కా తడిసిపోతుంది. పెద్దబజారు దాకా రోజూ రిక్షా అంటే జీతమంతా రిక్షావాడికే. అయినా ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన మొహం వెలిగిపోతోంది. "గది ఒకటి అద్దికి తీసుకుంటాను. స్టవ్వు కొంటాను. పొద్దున్నే టీ పెడతాను. మొదటి గళాసు నానే తాగుతాను" అన్నాడు. "రొండోది?" అంది మామ్మ. "రొండోదీ నానే." నాన్న నీళ్ళు పోసిన పకాళి అన్నంలో మిరపకాయ నలుపుతూ, తల ఎత్తకుండా, "మరి మన కొట్టు లెక్కలెవుడు రాస్తాడు?" అన్నాడు.

ఒంటికాలితో సైకిలు తొక్కేవాళ్ళు మా ఊళ్ళో లేకపోలేదు. ఎడమ పెడలు తీసేయించి, కుడి పాదాన్ని పెడలుకి తోలుపట్టీతో కట్టుకుంటే, ఆ ఒక్క కాలే కిందికి తొక్కుతుంది, పైకీ లాగుతుంది. చచ్చుకాలు వేలాడకుండా ఫ్రేము ముందు గొట్టానికి చిన్న మెట్టు ఉంటే దాని మీద పెట్టుకోవచ్చు. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఒక్క క్షణం ఒంటి బరువంతా ఆ మెట్టు మీదే పడుతుంది. చిన్నాన్న నన్ను పట్టుకున్నాడు. "ఒరే సిట్టీ, మీ నాన్ని నువ్వే ఒప్పించాలి. నాను అడిగితే దానం. నువ్వు అడిగితే బేరం." నాకది బిరుదు ఇచ్చినట్టుంది. నాన్న దగ్గరికి వెళ్ళాను. "కుంటోడికి సైకిలా? రేపు గుడ్డోడికి అద్దం కొనమంటావు" అన్నాడు నాన్న. నేను తొణకలేదు. "కొనిచ్చీమనట్లేదు నానా. కొని ఉంచమంటన్నాను. నెల తొక్కుతాడు. కొలువు నిలిస్తే జీతంలోంచి కోసుకో. నిలవకపోతే కాయితం ఊడబీకి కొత్తదని అమ్మీసుకో. గీత పడకుండా నాను సూసుకుంటాను." నాన్న అప్పుడు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. తొలి బోణీ చేసిన కొడుకుని చూసినట్టు చూశాడు. "అమ్మితే నాకేటి?" అన్నాను అదే ఊపులో. "లాభంలో రూపాయికి అణా ఇస్తాను, ఎదవ" అన్నాడు ప్రేమగా.

సైకిలు వచ్చింది. నల్లది. హ్యాండిలు నుంచి వెనక చక్రం దాకా గొట్టాలన్నిటికీ ముతక కాయితం చుట్టి, పైన దారం. మా వీధి మొదట్లో దండాసి మిస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళాం. ఎడమ పెడలు తీసి నా చేతిలో పెట్టి, మెట్టు సంగతి వినగానే ఆయన కాయితం మీద వేలితో రుద్ది చూశాడు. "నాహిఁ బాబు. ముందు ఈ కాయితం తియ్యాలి. వట్టి గొట్టానికి రబ్బరు చుట్టి, యూ బోల్టుతో పట్టించాలి. మనిసి బరువు కదా." కాయితం తియ్యకూడదన్నాను. "అయితే వెల్డింగు." రంగు కాలిపోతుందన్నాను. "బాబు, సైకిలు తొక్కటానికా, పూజకా?" అన్నాడు. యూ బోల్టులకి, రబ్బరుకి, కూలికి ఎంతని అడిగాను. చెప్పాడు. నేను నవ్వాను. అది మా ఇంటి నవ్వు. ఎంత చెప్పినా అదే నవ్వు నవ్వాలి, అప్పుడే ధర దిగుతుంది. దండాసి ధర దించలేదు, తల దించుకుని పంక్చరు వేసుకున్నాడు. అందుకే నేనే చేశాను.

మెట్టు కోసం గోడబల్లలకి కొట్టే ఎల్ పట్టీ ఒకటి తీశాను. నిలువు భాగం గొట్టానికి ఆనించి, అడ్డభాగం పక్కకి వచ్చేలా పెట్టి, దాని మీద చెక్కముక్క కట్టాను. పట్టుకోవడానికి రెండు హోసు క్లిప్పులు. కొత్త క్లిప్పులు పెట్టెలో వరసగా ఉన్నాయి. చెయ్యి వాటి మీదికి వెళ్ళనే లేదు. రైతులు వాపసు ఇచ్చినవి వేసే డబ్బాలోంచి రెండు ఏరాను. ఒకసారి ఎవరో గట్టిగా బిగించి పట్టీ పళ్ళు సాగదీసినవి. స్క్రూ తిప్పుతూంటే బిగుసుకుని, బిగుసుకుని, ఒకచోట టక్కుమని ఒక పన్ను వెనక్కి జారేది. ఆ టక్కు వచ్చే ముందు దగ్గర ఆపేశాను. పట్టీ కొసలు వేలెడు మిగిలాయి. కత్తిరించలేదు. కొస కత్తిరించిన క్లిప్పు మళ్ళీ అమ్ముడుపోదు. కాయితం మెత్తగా ఒత్తుకుని మెట్టు గట్టిగానే నిలబడింది. చేత్తో ఊపి చూశాను, కదల్లేదు. చిన్నాన్న వంగి చూసి, "కాయితం మీద బిగించేవేటిరా?" అన్నాడు. "రంగు కోసం, సిన్నాన్న." ఆయన లెక్కల మనిషి. ఎవరి రంగు ఎవరి కోసమో ఆ క్షణంలోనే కూడి ఉంటాడు. ఏమీ అనలేదు. సైకిలు కావాలి కదా.

వానలు రాని ఆ కొద్దిరోజులు చిన్నాన్న రాజు. పొద్దున్నే కుడి పాదం కట్టుకుని, గోడ పట్టుకుని, మెట్టు మీద ఎడమకాలు పెట్టి, ఆ మోకాలు చేత్తో నొక్కుకుని లేచి సీటు మీద కూర్చునేవాడు. వీధిలో పిల్లలు వెంటపడి కేకలేసేవాళ్ళు. "ఒంటి రెక్క కోడి! ఒంటి రెక్క కోడి!" ఆయన గంట కొట్టుకుంటూ, "కోడి కాదర్రా, గెద్ద!" అంటూ పోయేవాడు. సాయంత్రం వచ్చాక చూస్తే సన్నని ఎడమ పిక్క మీద గీతలు. క్లిప్పు కొస కోసినవి. ఆ కాలు చచ్చుబడింది గానీ నొప్పి బాగా తెలుస్తుంది, ఆ సంగతి అప్పుడే నాకు తెలిసింది. "కొస నొక్కీరా" అన్నాడు. నొక్కితే విరుగుతుందని గుడ్డపేలిక చుట్టిచ్చాను. ఇంట్లో ఆయన వెళ్ళాక కొట్టు లెక్కలు నాన్న రాసేవాడు, రాత్రి కూడిక కుదరక మా అందరి మీదా అరిచేవాడు. కూలివాడు మొదటిసారి జీతం పెంచమన్నది కూడా ఆ రోజుల్లోనే. అప్పుడే ఒకనాడు భోజనాల దగ్గర మామ్మ అంది. "ఒక్క మనిసి ఎల్తే ఇంత ఖరీదా?" పట్టుచీరల షావుకారుకి చిన్నాన్న పని నచ్చిందని, నెల ముగియగానే ఖాయం చేస్తానన్నాడని మాకు తెలిసింది. గది కూడా చూసుకున్నాడు. అమ్మని అడిగి టీకి ఒక చిన్న గిన్నె తీసుకున్నాడు. చొట్టపడ్డది.

మొదటి వాన పొద్దున్నే పడింది. వాన వెలిసేదాకా ఆగమంది అమ్మ. కొట్టు తెరిచే వేళకి వెళ్ళాలి, షరతు అది. ఎలా వస్తావో చెప్పకన్నాడు షావుకారు, వాన అని చెప్పడం కూడా దాని కిందకే వస్తుంది. వెళ్ళాడు. దారి పొడుగునా కాయితం నానింది. దిగే చోటు పెద్దబజారులో, షావుకారు కొట్టు ఎదురుగానే. చిన్నాన్న ఆగి, రోజూలాగే ఎడమకాలి మీద బరువు వేసి సీటు మీంచి లేచాడు. కాయితం జిగురై జారింది. రెండు క్లిప్పులూ మెట్టూ కలిసి గొట్టం చుట్టూ సుతారంగా గిర్రున తిరిగి కిందికి వేలాడాయి. మనిషి ఎడమవైపు పడ్డాడు. కుడి పాదం పెడలుకి తోలుపట్టీతో కట్టి ఉంది, అది రాలేదు. సైకిలు ఒకవైపు, ఒళ్ళు ఒకవైపు, మధ్యలో మోకాలు. ఆ చప్పుడు చీరల కొట్టు లోపలికి వినిపించిందట. రిక్షాలో తెచ్చారు. నేను పరిగెత్తుకెళ్ళి సైకిలు తెచ్చాను. నిజం చెప్పాలి కదా, తెస్తూ దారిలో ఆగి, కాయితం ఎక్కడైనా చిరిగిందేమోనని చూశాను. చిరగలేదు.

ఆసుపత్రిలో చెయ్యగలిగింది చేశారు. మోకాలు అతుక్కుంది గానీ మళ్ళీ వంగలేదు. ఇన్నాళ్ళూ మోసిన కాలు అది. ఇప్పుడు రెండు చంకల కిందా కర్రలు. షావుకారు ఒకసారి వచ్చి చూసి, అరటిపళ్ళు పెట్టి, వేరే మనిషిని పెట్టుకున్నానని చెప్పి వెళ్ళాడు. అమ్మ ఆ చొట్టగిన్నె అడక్కుండానే వంటింట్లోకి తీసుకుపోయింది. చిన్నాన్న కట్టుతో మంచం మీద ఉండగానే నాన్న సైకిలు అమ్మకానికి పెట్టాడు. పల్లె నుంచి ఒక మాస్టారు వచ్చాడు. పెడలు తిరిగి బిగించి, దారం కోసి, కాయితం ఒలిచాను. నానిన కాయితం ఎండి బిరుసెక్కి, పాము కుబుసంలా ఊడింది. కింద నలుపు నిగనిగలాడింది, బంగారు గీతలు ఎక్కడివక్కడే. "ఒక్క గీత లేదు మాస్టారూ, సూసుకోండి" అన్నాడు నాన్న. మంచం మీంచి చిన్నాన్న గొంతు వచ్చింది. "గీతలన్నీ నా దగ్గరున్నాయి మాస్టారూ. ఆటికి ధర కలపలేదు." మాస్టారు తెల్లబోయాడు. నాన్న నవ్వేసి, "మా తమ్ముడికి కొంచెం మాటలెక్కువ" అన్నాడు. కొత్త ధరకి కొంచెమే తగ్గింది. లాభం లేదు గనక నాకు అణాలు రావని నాన్న అన్నాడు. ఎంతో పోవాల్సింది పోలేదంటే అదీ లాభమేనని వాదించి నా అణాలు నేను రాబట్టుకున్నాను. వాటితో కళ్ళజోడు కొన్నాను. నల్లది, ఎండకి పెట్టుకునేది. బాగా నప్పింది కూడా.

చిన్నాన్న మళ్ళీ గల్లాపెట్టె పక్క బల్ల దగ్గరికి వచ్చాడు. అక్కణ్ణించి లేవలేదు. హోసు క్లిప్పులు అడిగిన ప్రతివాడికీ, అది పంపుకో సైకిలుకో ముందు అడిగేవాడు. సైకిలుకంటే పాఠం మొదలు. తుడువు, రబ్బరు చుట్టు, కొస కత్తిరించు, మళ్ళీ బిగించు. చివర నన్ను చూపించేవాడు. "అదిగో, ఆ నల్లకళ్ళజోడోడు. కాయితం మీద బిగించిన శాస్త్రజ్ఞుడు ఆడే. ఆడికి దండం పెట్టుకుని, ఆడు సేసింది తిరగేసి సెయ్యి, బతుకుతావు." నేను కాలేజీకి వెళ్ళేటప్పుడూ, పెళ్ళయ్యాక భార్యని తీసుకొచ్చినప్పుడూ, పిల్లల ముందరా ఇదే. ఒకసారి ఏకాంతంలో, క్షమించమని అడుగుదామని నోరు తెరిచాను. ఆయన కలం ఆపలేదు. "ఎంతిస్తావు?" అన్నాడు. మా ఇంటి నవ్వు నవ్వాడు. నేను ఏ ధరా చెప్పలేకపోయాను. ధర చెప్పనివాడితో బేరమేముంటుంది, ఆయన పేజీ తిప్పుకున్నాడు.

పదకొండో రోజు భోజనాలయ్యాక చుట్టాలు మమ్మల్ని మెచ్చుకున్నారు. అవిటివాణ్ణి ఇన్నేళ్ళు సాకారు, మీరు గనక సరిపోయింది, అన్నారు. నేను తల ఊపాను. రైల్లో తిరిగొస్తూ, రంభ స్టేషను దాటాక కిటికీలోంచి చిలక సరస్సు నీళ్ళు చూస్తూ ఊరికే లెక్క వేశాను. అలవాటు పోదు. సైకిలు మీద పోయింది దాదాపు ఏమీ లేదు. ఆసుపత్రి ఖర్చుని నాన్న చిన్నాన్న వాటాలోంచి మినహాయించుకున్నాడు, కొట్టులో ఆయన భాగం దానితో సరి అని కాయితం రాయించుకున్నాడు కూడా. చిన్నాన్నకి మా ఖర్చు రెండుపూటలా అన్నం, ఏడాదికి రెండు పంచెలు, ఆఖరి గ్లాసు టీ. ఆయన పెద్దబజారుకి వెళ్ళిపోయి ఉంటే మేము జీతమిచ్చి గుమస్తాని పెట్టుకోవాలి. పెట్టుకోలేదు, ఆయన బతికినన్నాళ్ళూ. అంత లెక్కగా రాసే మనిషి దొరికినా, అంత నమ్మకంగా ఉండేవాడు దొరికేవాడు కాదు, ఎందుకంటే వేరేవాడైతే లేచి వెళ్ళిపోగలడు. ఆ మిగులుతోనే కొట్టు మీద మేడ లేచింది, పక్క కొట్టు మాదైంది, నేను చదువుకున్నాను. ఈ ఊరి మెప్పు కూడా జమలోకే వస్తుంది. ఆ పొద్దున వాన పడకపోయి ఉంటే నష్టపోయేవాళ్ళం మేము. చిన్నాన్న పడ్డం మా కొట్టు చరిత్రలో అన్నిటికన్నా లాభసాటి బేరం. అందులో నా వాటా నేను పైసా వదలకుండా తీసుకున్నాను.